రాత్రి సంపాదన, పగటి వంట

నల్లమల అడవులకూ వెలికొండలకూ నడుమ ఉన్న పశ్చిమ ప్రకాశంలో మొక్కల పెంపకం అంటే మొదట నీటి లెక్క. మట్టి, ఎరువు, అందం ఆ తరువాతి సంగతులు. బేస్తవారాన్ని ఊరి పేరులోనే మోస్తున్న బేస్తవారిపేటలోనూ, గిద్దలూరు, మార్కాపురం పరిసరాల్లోనూ ఎండాకాలపు బిందెడు నీటి విలువ ఎరిగిన ఇల్లాలు పెరట్లో ఒక మొక్కకు చోటిచ్చిందంటే, ఆ మొక్క తన నీటిని తానే దాచుకోగలదన్న నమ్మకం ఆమెకు కుదిరి ఉండాలి. అటువంటి వాటిని రసభరిత మొక్కలు అంటారు. ఆకులోనో కాండంలోనో నీటిని నిల్వ చేసుకొని, వాన లేని నెలలను ఆ నిల్వతో నెట్టుకొచ్చేవని దాని అర్థం. చేని కంచెలో నిలిచే బొంతజెముడు, గట్ల మీద పాకే నల్లేరు ఈ నేలకు పాతకాపులు కాగా, గోడ వారన, నీళ్లతొట్టి పక్కన కనిపించే రణపాల మాత్రం సముద్రం దాటి వచ్చి ఇంటిదైపోయిన మొక్క.

రణపాల పుట్టిల్లు ఆఫ్రికాకు తూర్పున ఉన్న మడగాస్కర్ దీవి. దాని శాస్త్రనామం కలాంకో పిన్నాటా. బడి పాఠాల్లో వినిపించే బ్రయోఫిల్లం అన్న పేరును 1805లో సాలిస్‌బరీ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టాడు. గ్రీకు మూలాన్ని బట్టి ఆ పేరుకు మొలకెత్తే ఆకు అని అర్థం చెప్పుకోవచ్చు; సంస్కృతంలోని పర్ణబీజం అన్న పేరు కూడా ఆకే విత్తనమని చెబుతుంది. తెలుగు పేరు దారి వేరు: వాడుకలో రణం అంటే పుండు, ఆ పుండు మీద ఈ ఆకును వెచ్చజేసి కట్టడం పాత అలవాటు. కాబట్టి ఆ రెండు భాషలు మొక్క పుట్టుకను చూసి పేరు పెడితే, తెలుగు దాని వల్ల కలిగే ఉపకారాన్ని చూసి పేరు పెట్టినట్టు తోస్తుంది.

పుట్టుక తీరు మాత్రం ప్రతి పెంపకందారూ ఒక్కసారైనా దగ్గరగా చూడదగినది. ముదిరిన రణపాల ఆకు అరచేతికి బరువుగా, నున్నగా తగులుతుంది. దాని అంచు నొక్కులు నొక్కులుగా, ఒక్కోచోట ఊదారంగు గీతతో ఉంటుంది. ప్రతి నొక్కులోనూ నిద్రపోతున్న మొగ్గ ఒకటి ఉంటుంది. ఆకు కొమ్మను అంటిపెట్టుకొని ఉన్నంతకాలం సాధారణంగా ఆ మొగ్గలో కదలిక ఉండదు. ఆకును తెంపి తడి ఇసుక మీద నీడలో పరిస్తే, కొద్దిరోజులకే నొక్కుల్లోంచి దారపుపోగుల్లాంటి తెల్లని వేర్లు, వాటితోపాటు ఆవగింజంతటి ఆకుల జంట బయటపడతాయి. ఇసుక లేకుండా దారానికి కట్టి గోడకు వేలాడదీసినా మొలకలు వస్తాయి. విత్తనంతో పనిలేకుండా వేరు, కాండం, ఆకు వంటి భాగాల నుంచే కొత్త మొక్క రావడాన్ని శాఖీయ ప్రత్యుత్పత్తి అంటారు. తెలుగు పిల్లలు ఆ మాటను నేర్చుకునేది చాలావరకు రణపాల ఉదాహరణతోనే. పిలకలు కనబడగానే తొందరపడి విడదీసేవారికి తరచూ నష్టమే మిగులుతుంది. తల్లి ఆకు తనలోని నీటిని పిల్లలకు పంచి, ముడతలు పడి, కాగితంలా పలచబడేదాకా ఆగడమే ఈ పనిలోని మొదటి నేర్పు. ఇటువంటి మొక్కకు అంగడితో పనిలేదు, గోడ మీదుగా అడిగి పుచ్చుకున్న ఒక్క ఆకు చాలు. జర్మన్ మహాకవి గేథే సైతం వైమార్‌లో దీన్ని పెంచి, ఆకులను స్నేహితులకు పంచినవాడే.

రెండో నేర్పు నీటికి సంబంధించినది. అది తెలియాలంటే తెలుగు నేల మీద పనిచేసిన ఒక పరదేశి నాలుకను తలచుకోవాలి. జర్మనీ నుంచి మతప్రచారకుడిగా వచ్చిన బెంజమిన్ హైన్, తనకు ముందటి వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తరువాత 1793లో గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడిగా కుదురుకొని, దక్షిణ దేశమంతటా తిరిగి, 1819లో మద్రాసులో కన్నుమూశాడు. రణపాల ఆకు ఉదయాన పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని అతడు రాసిన చిన్న వ్యాసం 1815లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చయింది. పులుపు పొద్దుతోపాటు కరిగిపోవడానికి వెలుతురే కారణమై ఉండాలని అతడు తలపోశాడు. యంత్రం లేకుండా, ఒకే మొక్కను రోజులో పలుమార్లు రుచి చూసే ఓపికతో పట్టుకున్న ఆ సంగతి, తరువాతి కాలంలో ఒక పెద్ద అధ్యయన రంగానికి మొదటి మెట్లలో ఒకటైంది.

ఆ పులుపు వెనుక ఉన్నది నీటి పొదుపే. మొక్కలు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పత్రరంధ్రాల ద్వారా, అంటే ఆకు మీది కంటికి కనబడని సన్నని తలుపుల ద్వారా తీసుకొని, సూర్యకాంతితో ఆహారం వండుకుంటాయి. కాని వాయువు కోసం తెరిచిన తలుపు గుండానే ఆకులోని తేమ ఆవిరై పోతుంది. పట్టపగలు తలుపు తీయడం ఎండనేలలో నష్టజాతకం కనుక రణపాల ఆ పనిని రాత్రికి మార్చుకుంది: చల్లబడ్డాక తలుపులు తెరిచి, లోపలికి వచ్చిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటుంది, తెల్లవారాక తలుపులు బిగించుకొని, ఆ ఆమ్లం నుంచి వాయువును విడిపించి ఎండ పొయ్యి మీద వంట సాగిస్తుంది. పచ్చి యాపిల్‌లోని పులుపు కూడా ఈ మాలిక్ ఆమ్లానిదే. అందువల్ల ఉదయపు పులుపు రాత్రి సంపాదన, మధ్యాహ్నపు చప్పదనం ఆ సంపాదన ఖర్చయిందనడానికి గుర్తు. రణపాల కుటుంబమైన క్రాసులేసీ పేరు మీదుగా శాస్త్రం దీన్ని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అని పిలుస్తుంది. నాగజెముడు, కలబంద, అనాస కూడా ఈ దారిలో నడిచేవే.

ఈ లెక్క తెలిసిన పెంపకందారు ఎండ మండుతున్నప్పుడు ఆకు కొద్దిగా మెత్తబడిందని కంగారుపడి చెంబుతో పరుగెత్తడు; రసభరిత మొక్కలు నీరు లేక చచ్చేదానికన్నా నీరెక్కువై కుళ్లి చచ్చేదే ఎక్కువని అతడికి తెలుసు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోకుండా పెంకులు, మట్టిలో సగానికి సగం ఇసుక, ఒకసారి పోసిన నీరు పూర్తిగా ఆరాకే మరోసారి పోయడం అనే మూడు నియమాలతో ఈ సాగు ముగుస్తుంది. పలకలకు పేరుబడ్డ మార్కాపురం పక్కనే ఉన్నది కనుక, పెంకులకు బదులు విరిగిన పలక ముక్కలను అడుగున పరిచినా పని జరుగుతుంది. ఈ ప్రాంతంలోనే గుండ్లకమ్మ నదికి అడ్డుగా విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. వచ్చిన నీటిని నిలుపుకొని రాని నెలలకు వాడుకోవడమనే ఆ చెరువు నీతినే, దాని సమీపపు పెరళ్లలోని ఈ ఆకు వేలి మందంలో పాటిస్తున్నది.

రణపాల పూత కూడా రాత్రితో ముడిపడినదే. చలికాలంలో నడుము ఎత్తుకు మించి లేచిన కాడ చివర గుత్తులుగా వేలాడే పూలలో, పైకి కనిపించే ఉబ్బిన గంట నిజానికి రక్షకపత్రాల సంచి, అంటే మొగ్గను కాపాడే పైపొర. ఆకుపచ్చ మీద ఎర్రని చారలతో ఉండే ఆ సంచిని పిల్లలు వేళ్లతో నొక్కి టప్పుమనిపిస్తారు, ఎర్రటి ఆకర్షణపత్రాలు దాని మూతి నుంచి కొద్దిగానే తొంగిచూస్తాయి. దీని చుట్టమే నర్సరీల్లో కలాంకో పేరుతో అమ్మే పొట్టి మొక్క. ఎరుపు, పసుపు, నారింజ పూల ముద్దలతో ఇంటికి వచ్చిన ఆ మొక్క మరుసటి ఏడు పూయలేదని చింతించేవారు దాన్ని ఉంచిన చోటును చూసుకోవాలి. అది రాత్రి నిడివి పెరిగినప్పుడే మొగ్గ తొడిగే జాతి. వీధి దీపమో వరండా బల్బో తెల్లవార్లూ దాని మీద పడుతుంటే, దానికి రాత్రి అయినట్టే తెలియదు. ఎరువు మార్చడం కన్నా కుండీని చీకటి మూలకు జరపడమే అక్కడ సరైన చికిత్స.

రణపాలకు వైద్యం పేరుతో తగిలించిన కీర్తి మాత్రం జాగ్రత్తగా తూచవలసినది. పుండు మీద కట్టే ఆకు ఒక ఎత్తు, మూత్రపిండాల్లో రాళ్లు కరుగుతాయని ఎవరో చెబితే రోజూ పరగడుపున నమలడం మరో ఎత్తు. ఈ జాతి మొక్కల్లో, ముఖ్యంగా పూలలో, గుండె మీద పనిచేసే బుఫాడైనోలైడ్లు అనే విషపదార్థాలు ఉన్నాయి, వీటిని మేసిన పశువులు ఆస్ట్రేలియాలో చనిపోయాయి. మేకలూ గేదెలూ తిరిగే వాకిలిలో దీన్ని అందకుండా ఉంచాలి, రాళ్ల జబ్బును వైద్యుడికి వదలాలి. హైన్ రుచి చూసినది మొక్క గుట్టు తెలుసుకోవడానికే తప్ప జబ్బు నయం చేసుకోవడానికి కాదు.

మొక్కను పెంచడమంటే పగలంతా దానికి ఏదో ఒకటి చేస్తూ ఉండడమేనన్న నమ్మకం బలమైనది. రణపాల దగ్గర ఆ నమ్మకం పనికిరాదు. ఎందుకంటే దాని అసలు పని, ఇంటివాళ్లు ఆరుబయట మంచాలు వాల్చుకొని చల్లగాలి కోసం ఎదురుచూసే వేళకు గాని మొదలు కాదు. ఆ వేళకు చెంబు పక్కన పెట్టి, వాకిట్లో దీపం ఆర్పడమే పెంపకందారు దానికి చేయగల మేలు.