కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఏ లెక్కలోకి?

తెలంగాణలో పొలం మోటార్లకు చాలావరకు మీటర్లుండవు. అందుకే ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు బిగించి, ఒక్కో హార్స్‌పవర్‌కు నెలకు ఎన్ని యూనిట్లు కాలాయో చూసి, దాన్ని మొత్తం పంపుసెట్లకు వర్తింపజేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే భారత గణాంక సంస్థ ఈ పద్ధతిని రూపొందించింది. పద్ధతి మీద నాకు గౌరవముంది. కానీ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కొన్న కరెంటులోంచి మీటర్ల అమ్మకాలూ, ఈ అంచనా తీసేస్తే మిగిలిందే 'నష్టం'. అంచనా పెరిగితే చాలు, ఒక్క తీగ మార్చకుండానే కాగితం మీద నష్టం తగ్గిపోతుంది.

ఆ పట్టికలు చేతికొస్తే నేను ముందు చూసేది ఖాళీ గడులనే. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన నెల రీడింగు ఉండదు, ఆ వరుస సగటులోంచి తప్పుకుంటుంది. అది కాకతాళీయంగా కాలిపోయిందా? యాసంగి వరి పొట్టకొచ్చే వేళ, నీళ్లు లోతుకు పోయి, మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడే కదా కాలేది! అంటే ఎక్కువ భారం మోసినవే లెక్కలోంచి జారిపోతున్నాయి. తట్టుకుని నిలబడ్డవాటి సగటే మనకు మిగులుతోంది.

హెచ్‌వీడీఎస్ (అధిక ఓల్టేజీ పంపిణీ వ్యవస్థ) లాభనష్టాలు తేల్చేటప్పుడు ఈ ఖాళీ గడుల సంగతి మరీ ముఖ్యం. పొడుగాటి ఎల్‌టీ (తక్కువ ఓల్టేజీ) లైను తీసేసి, 11 కేవీ లైనును పొలం దాకా తెచ్చి, రెండు మూడు మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. 415 ఓల్టుల చోట 11 వేలు ఉంటే అంతే లోడుకు తీగలో కరెంటు 26వ వంతుకు పడిపోతుంది. అదే తీగలో నష్టం సుమారు 700వ వంతుకు. అయితే ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు ఆగి ఉన్నా, కొంత కరెంటు తింటూనే ఉంటాయి. దాన్నీ లెక్కలో రాయాల్సిందే.

ఆదా అయిన యూనిట్లతోనే పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో చూస్తే లెక్క సగమే అవుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే చందాలేసుకుని ట్రాక్టరు మీద మరమ్మతుకు మోసుకుపోయిన ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు. లో ఓల్టేజీకి కాలిన మోటారుకు వైండింగు చేయించిన డబ్బులు, సరఫరా ఆగిన ఆ నాలుగు రోజుల్లో ఎండిన మడి కూడా అంతే. ఈ ఖర్చులన్నీ నిజమైనవే. డిస్కం మోయలేదు కాబట్టి ఎవరూ నమోదు చేయలేదు.

మీటరు రీడింగుకు వెళ్లిన మనిషే మరో రెండు ప్రశ్నలు అడిగి రాసుకోవచ్చు: సరఫరా ఎన్ని రోజులు ఆగింది, బాగు చేయించిన ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? కాలిపోయిన చోట ఈ రెండూ తప్పక అడగాలి.