తేలే ట్రైలర్, మునిగిన రోడ్డు

2022 సెప్టెంబరులో బెంగళూరు సర్జాపుర రోడ్డు వెంట లేఅవుట్లు నీట మునిగినప్పుడు జనాన్ని బయటికి చేర్చినవి ట్రాక్టర్లు, పడవలు. పడవకు దక్కే శ్రద్ధ దాన్ని నీళ్లలోకి దించే ట్రైలర్‌కు దక్కదు. దక్కాలి. రోడ్డు అంచు కనబడని చోట ట్రైలర్ చక్రాలు నేల వదిలితే అది పక్కకు కొట్టుకుపోయి రాజకాలువలో, అంటే పెద్ద వాననీటి కాలువలో, పడొచ్చు, పట్టుకున్న మనుషుల్నీ లాక్కుపోవచ్చు. అలా తేలకూడదంటే దానిలోని గాలి తగ్గాలి, లేదా అడుగున బరువు పెరగాలి. మూడో దారి లేదని నా నమ్మకం.

లెక్క చూడండి. ఒక లీటరు నీటిని పక్కకు నెట్టిన వస్తువును నీళ్లు ఒక కిలో మేర పైకి లేపుతాయి. 13 అంగుళాల రిమ్ము ఉన్న కారు టైరులో దాదాపు 20 లీటర్ల గాలి ఉంటుంది. రెండు టైర్లు కలిసి 40 కిలోలు లేపుతాయి. చివర్లు మూసి వెల్డింగ్ చేసిన చట్రం గొట్టాల్లోనూ గాలే. పైగా 100 కిలోల ఇనుము నీళ్లలో 87 కిలోలే తూగుతుంది, అల్యూమినియమైతే 63. పడవ ఆనే చెక్క దిమ్మెలూ పైకే లాగుతాయి. పడవ బరువు తొలగిన క్షణాన తేలికపాటి ట్రైలర్‌కు నేల మీద పట్టు పెద్దగా మిగలదు.

పడవను పట్టీలతో ట్రైలర్‌కు బిగించి ఉంచితే చాలదా అంటారు. అది మరీ ప్రమాదం: పడవ తేలుతూ ట్రైలర్‌నూ లేపుతుంది. వెనక పట్టీలు ఒడ్డునే విప్పేసి, ముక్కు తాడు ఒక్కటే ఉంచాలి. ఇంకాస్త లోతుకు తోద్దామన్నా లాభం లేదు. రెండడుగుల నీళ్లు చాలా కార్లనే కదిలించేస్తాయి, లాగే బండి కూడా పట్టు తప్పుతుంది.

దారి మన రైతులకు తెలిసిందే. దుక్కిలో పట్టు కోసం ట్రాక్టర్ వెనక టైర్లలో ముప్పాతిక వంతు దాకా నీళ్లు నింపుతారు. వరద నీటిలో ఆ నీళ్లు బరువు పెంచవు, కానీ గాలి చోటును ఆక్రమిస్తాయి. మనకు కావలసిందీ అదే. హైవే వేగంలో అలాంటి టైర్లు ప్రమాదమన్న అభ్యంతరం న్యాయమైనది. కాబట్టి ఆ పద్ధతి నెమ్మదిగా, దగ్గర దూరాలకే తిరిగే ట్రైలర్లకు మాత్రమే. దూరం వెళ్లేవాటికి ఇరుసు దగ్గర, వీలైనంత కిందుగా ఇనుప పలకలు బిగించాలి. లాగే బండి సామర్థ్యం దాటకూడదు. గొట్టాల్లోకి నీళ్లు దూరేలా రంధ్రాలు పెట్టించాలంటే చట్రం బలం తెలిసినవారినే అడగాలి.

ఇదంతా వానలకు ముందే తేలాలి. ఖాళీ ట్రైలర్‌ను తాడు కట్టి చెరువులోకి దించితే చక్రాలు ఎంత లోతులో నేల వదులుతాయో తెలుస్తుంది. ఆ కొలతకు బాగా కిందుగా చట్రం మీద ఎర్రగీత గీయించాలి.