గోడ మీద పెద్దలకో ఇల్లు

సీతంపేట కొండల్లాంటి చోట్ల సవర గిరిజనుల ఇంట ఎవరైనా మంచాన పడితే, పోయిన పెద్దలెవరో అలిగారని వాళ్ల పూజారి ఎజ్జోడు చెప్పడం ఆనవాయితీ. ఇక గోడ మీద వాళ్లకో ఇల్లు గీయాల్సిందే. గోడకు ఎర్రమట్టి పూస్తారు. తెల్లరంగంటే నీళ్లలో కలిపిన బియ్యప్పిండి. కుంచె అంటే కొస నలగ్గొట్టి పీచు తేల్చిన పుల్ల, అంతే! ముందు చుట్టూ హద్దు గీసి, అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు: సూర్యచంద్రులు, చెట్లు, గుర్రాలు, వరసగా మనుషులు. కాలం మారేకొద్దీ సైకిలూ విమానమూ తుపాకీ పట్టిన జవానూ వచ్చి చేరారు. నాకు బొమ్మ కంటే దాని సవరింపు మరీ ఇష్టం. ఎజ్జోడు సారా పెట్టి, పాడి, పెద్దల్ని పిలుస్తాడు; ఫలానాది మరిచారని వాళ్లంటే గీసేవాడు మళ్లీ పుల్ల అందుకుంటాడు. బొమ్మతో నయం చేయడం మరోచోటా ఉంది: ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు శానిటోరియంలో క్షయరోగులకూ, యుద్ధంలో గాయపడ్డ సైనికులకూ బొమ్మలు నేర్పాడు. 1942లో ఆ పనిని ‘ఆర్ట్ థెరపీ’ అన్నాడు. అక్కడ గీసేది రోగే. సవర ఇంట్లో రోగి కోసం ఇంకొకరు గీస్తారు, ఇంకా ఏం కావాలో పోయినవాళ్లను కూడా అడుగుతారు. ఆర్ట్ థెరపీ పేరుతో మాజీ సైనికుల కుటుంబాలకు రంగులు పంచేవాళ్లు ఓసారి వచ్చి ఈ పద్ధతి చూడాలి.