బంగారు నాణేలు, భూతద్దం

తపాలా బిళ్లల సేకరణలో తొలితరం అనగానే ఫిలిప్ ఫెరారీ పేరే ముందు వినిపిస్తుంది. 1850లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి రైల్వేల్లో, బ్యాంకుల్లో గడించిన ఆస్తికి లెక్కలేదు. బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ల, పచ్చగా అచ్చుపడాల్సింది పొరపాటున పసుపుగా పడ్డ స్వీడన్ బిళ్ల ప్రపంచంలో ఒక్కోటే ఉన్నాయి. రెండూ ఆయన దగ్గరే ఉండేవి. లండన్‌లోని బిళ్లల పరిశోధకుడు ఎడ్వర్డ్ డెన్నీ బేకన్‌కు ఆ వైభవం లేదు. అయినా నా మొగ్గు బేకన్ వైపే.

ఫెరారీ బేరమాడడు, బంగారు నాణేలిచ్చి కొంటాడు. ఈ సంగతి పసిగట్టినవాళ్లు పనిగట్టుకుని ఆయన కోసమే నకిలీలు తయారుచేశారు. అరుదైనవాటిని సేకర్తలు రేరిటీలు అంటారు కదా, ఈ నకిలీలకు ‘ఫెరారిటీలు’ అని పేరు పెట్టారు! ఫెరారీ ఆల్బమ్‌ల ఆలనాపాలనా చాలాకాలం పియెర్ మాయే అనే సహాయకుడు చూశాడు. ఫెరారీవి ఇంత చూసిన కళ్లు, ఇంత తాకిన చేతులు. తాను చూసిందేమిటో చెప్పే పుస్తకం మాత్రం ఆయన రాయలేదు.

బేకన్ రాశాడు. బ్రిటన్ తొలి బిళ్లలను అచ్చువేసిన పెర్కిన్స్ బేకన్ సంస్థ కాగితాలు తిరగేసి, 1920లో వాటిపై రెండు సంపుటాలు తెచ్చాడు. ఏ పలక ఎప్పుడు చెక్కారు, సిరా ఎందుకు మార్చారు - అన్నీ అదే ధోరణి. వచనం పొడిపొడిగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పొడితనంలోనే నిజానిజాలు తేల్చే సత్తా ఉంది. బిళ్ల ఎలా తయారైందో తెలిసినవాడిని నకిలీ అంత సులువుగా బోల్తా కొట్టించలేదు.

1917లో ఫెరారీ పోయాక, బెర్లిన్ తపాలా మ్యూజియానికి ఆయన రాసిచ్చిన సొత్తును శత్రువు ఆస్తి కింద ఫ్రాన్స్ జప్తు చేసింది. 1921 నుంచి 14 వేలాల్లో అది చెల్లాచెదురైంది. తప్పు యుద్ధానిది, ఆయనది కాదు. మరో సేకర్త థామస్ టాప్లింగ్ మాత్రం 1891లో, 35 ఏళ్లకే చనిపోతూ తన సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చాడు. దాన్ని ఏర్చి కూర్చిన చెయ్యి బేకన్‌ది. ఇప్పుడది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో 1854 నాటి మన నాలుగణాల బిళ్ల ఒకటుంది: రెండు రంగుల కోసం రెండుసార్లు అచ్చువేయడంలో కాగితం తిరగబడి, విక్టోరియా రాణి తలకిందులైంది.