పాత బుల్లెట్‌కు సరైన కార్బురేటర్
పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయ పురంలో, పాత బుల్లెట్ 350కి కార్బురేటర్ మార్చడం ఆషామాషీ కాదు. సామాను విశాఖ నుంచో చెన్నై నుంచో వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. అందుకే మంచి మెకానిక్ ముందు పాతదాన్నే విప్పుతాడు. ఉప్పుగాలికి బాడీ మీద తెల్లపొడి పట్టిందా, స్లయిడ్ అరిగి లొడలొడలాడుతోందా? జెట్ మాత్రమే మూసుకుపోతే శుభ్రం చేసి బిగిస్తాడు, కొత్తది కొనిపించడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. మార్చక తప్పకపోతే 24 మిల్లీమీటర్ల మిక్‌కార్బ్ వీఎం24 తెప్పిస్తాడు. పెద్దది పెడితే జోరు పెరుగుతుందనుకోవడం భ్రమ. తక్కువ వేగంలో గాలి నెమ్మదించి పెట్రోలు సరిగా కలవదు. కొంతదూరం నడిపాక ప్లగ్ విప్పి చూస్తాడు: నల్లటి మసి అయితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ, లేత గోధుమరంగైతే సరి. అలాంటి మెకానిక్ దొరికితే కూలి దగ్గర బేరమాడకండి.