గొర్రె ఎన్నో కీర్తన?

మే నెల వస్తే మా డెల్టాలో మామిడిపళ్ళూ పెళ్ళిళ్ళూ వీబీఎస్‌లూ ఒకేసారి వస్తాయి. వెకేషన్ బైబిల్ స్కూల్ అని పూర్తి పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. రాజమండ్రి లూథరన్ చర్చి అయినా, నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ సంఘాలైనా, కాకినాడ బాప్టిస్టులైనా వరస ఇంచుమించు ఒకటే. ప్రార్థన, యాక్షన్ సాంగ్స్, కథ, కంఠత వాక్యం, మధ్యలో గ్లాసుడు రస్నా, ఆఖర్న ఇంటికి పట్టుకెళ్ళడానికో కాగితం. ఆ కాగితం నా వాటా. నా గొంతు విన్న అయ్యగారు పాటల పని నుంచి నన్ను మర్యాదగా తప్పించి, పజిళ్ళూ రహస్య లిపులూ చూసుకోమన్నారు. అప్పట్నుంచీ చూసుకుంటున్నాను.

ఈ వేసవి బడి అమెరికా నుంచి వచ్చింది. 1898లో న్యూయార్క్‌లో హాస్ అనే ఆవిడ వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకి తీసుకుని మొదలుపెట్టారని చెబుతారు. (మా సంఘ పెద్దల దగ్గర ఈ కథ నేనెత్తను.) బడితో పాటు కాగితాలూ అక్కడి నుంచే వచ్చాయి. ఏ అంటే 1, బీ అంటే 2, జెడ్ అంటే 26. అంకెలిస్తారు, వాక్యం రాబట్టాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు చకచకా చేసేస్తారు. చిక్కల్లా వాటిని తెలుగు చేసినప్పుడు వస్తుంది. తొలినాటి విశ్వాసులు చేప బొమ్మని గుర్తుగా పెట్టుకున్నారు కదా. ‘యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు’ అన్న ఐదు మాటల్నీ గ్రీకులో రాసి మొదటి అక్షరాలు కలిపితే ‘ఇఖ్తూస్’ అవుతుంది, అంటే చేప. ఎవరో పుణ్యాత్ములు ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపి, ‘మొదటి అక్షరాలు కలపండి, చేప పేరు వస్తుంది’ అని అచ్చు వేయించారు. పిల్లలు బుద్ధిగా కలిపారు. యే-క్రీ-దే-కు-ర. “ఇదేం చేపండీ మేస్టారూ? మా నాన్న వల్లో ఎప్పుడూ పళ్ళేదండీ” అన్నాడు సముద్రం వైపు నుంచి వచ్చే కుర్రాడు.

తెలుగు పిల్లలకి తెలుగు అక్షరాలతోనే లిపి కట్టాలి. అందులో కష్టం కట్టి చూస్తేనే తెలుస్తుంది. ఇంగ్లీషులో అక్షరానికి అక్షరం మార్చేస్తే అయిపోయింది. మనకి గుణింతాలు, ఒత్తులు, సున్నాలు. ‘స్తోత్రము’ అన్న మాటని ఎక్కడ పట్టుకుని జరపాలి? నేను పెట్టుకున్న పద్ధతేమిటంటే గుణింతం జోలికి పోకుండా హల్లుని మాత్రం ఒక గడి ముందుకి జరపడం. దావీదు ‘ధాశీధు’ అవుతాడు. ఇలాంటివి పెద్దాళ్ళు తల గోక్కునే లోపల పిల్లలు విప్పేస్తారు, దీర్ఘాలూ కొమ్ములూ కదలకుండా అక్కడే ఉంటాయి కాబట్టి. ఒక్కోసారి మాత్రం లిపి తనే ఆటాడుతుంది. మోషేని జరిపితే ‘యోసే’ వచ్చింది. సగం మంది చివర ‘పు’ చేర్చి యోసేపు అని రాసుకొచ్చారు. రెండు జవాబులకీ మార్కులు వేయక తప్పలేదు.

అసలు దాచి మాట్లాడటం మన పిల్లలకి ఒకరు నేర్పాలా? అక్షరానికో క తగిలించి ‘కరేకవు’ అంటే రేవు అని చెప్పుకునే క-భాష ఏ అరుగు మీదైనా ఉంది. వాళ్ళకి తెలియనిదీ నాకు బాగా పనికొచ్చిందీ ఇంకోటి ఉంది. కటపయాది. క నుంచి ఝ దాకా వరసగా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9, న సున్నా. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి ళ దాకా 1 నుంచి 9. గుణింతానికి లెక్క లేదు, జంటక్షరంలో చివరి హల్లే లెక్క, పక్కనుండే సున్నాని వదిలెయ్యాలి. వచ్చిన అంకెల్ని వెనక నుంచి చదవాలి. మేళకర్త రాగాల వరస సంఖ్య పేరులోనే దాచింది ఈ లెక్కతోనే. శంకరాభరణానికి ముందు ‘ధీర’ తగిలించారు. ధ 9, ర 2, తిరగేస్తే 29. అది ఇరవై తొమ్మిదో మేళకర్త.

సంగీతం మేస్టారి లెక్కలు చర్చిలో ఎందుకని ఒకాయన నసిగారు. మన చేతిలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరవండి, పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి అన్నాను. పురుషోత్తమ చౌధురి గారు (1803–1890) కీర్తనలు కట్టిననాడే రాగాలు మన బల్లల మీద కూర్చున్నాయి. వాటితో వచ్చిన లెక్క గుమ్మం బయట నిలబడాలా?

బైబిల్లోని కీర్తనల సంఖ్యలు దాచడానికి మాటలు వెతుకుతున్నప్పుడు దొరికింది గొర్రె. గ 3, ర్రెలో చివరిది ర, అంటే 2. తిరగేస్తే 23. కాపరి కీర్తన! కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఆగబుద్ధి కాలేదు. రేవు: ర 2, వ 4, తిరగేస్తే 42. దుప్పి నీళ్ళకోసం అల్లాడే కీర్తన అదే. పాము వేస్తే 51 వచ్చింది, దావీదు తప్పు ఒప్పుకుని ఏడ్చిన కీర్తన. చేవకి 46, దేవుడే ఆశ్రయమూ బలమూ అని మొదలయ్యేది. నమ్మకానికి న 0, మ 5, క 1, తిరగేస్తే 150. పుస్తకమే అక్కడ పూర్తవుతుంది.

ఇది విని సంఘంలో ఒక పెద్దాయన కళ్ళు చెమర్చి, ఇది ఊరికే కుదిరింది కాదు బాబూ అన్నారు. ఊరికే కుదిరిందేనండీ. తెలుగులో రెండక్షరాల మాటలు కోకొల్లలు, కీర్తనలు నూట యాభై. వెతికితే కుదరక ఏమవుతాయి? 1997లో మైకేల్ డ్రాస్నిన్ అనే ఆయన హెబ్రీ బైబిల్లో అక్షరాలు సమంగా దాటేస్తూ పోతే ముందు జరగబోయేవి కనబడతాయని ఒక పుస్తకం అమ్ముకున్నారు. బ్రెండన్ మెకే అనే గణితవేత్త అదే పద్ధతిలో మోబీ డిక్ నవలలో నాయకుల హత్యలు బోలెడు పట్టి చూపించారు. తిమింగలం వేట కథలో! అందుకే నేను తరగతిలో గొర్రె వెంటనే పులస లెక్క కూడా కట్టిస్తాను. ప 1, ల 3, స 7, తిరగేస్తే 731. అంత కీర్తన లేదు. గోదారి జిల్లాల్లో పులసకి వాక్యం లేదంటే ఎవరికైనా కష్టమే గానీ, ఆట ఆటే అని పిల్లలకి తెలియాలి.

దానికీ ఒక గడుసు పిల్ల అడ్డం తిరిగింది. “తిరగెయ్యకుండా చదివితే 137 ఉందండీ” అంది. నిజమే. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చిన వాళ్ళ కీర్తన. నది కూడా ఉంది, నేనేం మాట్లాడను?

బబులోను అన్నాం కాబట్టి చెప్పాలి. ఈ రహస్య లిపుల్లో చాలా పాతదొకటి మన బైబిల్లోనే ఆ ఊరి మీదే ఉంది. యిర్మీయా 25వ అధ్యాయంలో, మళ్ళీ 51లో ‘షేషకు’ అన్న పేరు వస్తుంది. అలాంటి ఊరు పటంలో ఎక్కడా లేదు. హెబ్రీకి 22 అక్షరాలు. మొదటిదాన్ని చివరిదానితో, రెండోదాన్ని చివరినుంచి రెండోదానితో మార్చుకుంటూ పోవాలి. బబులోను హెబ్రీలో బ-బ-ల. బ రెండోది, దాని జత 21వది ష. ల పన్నెండోది, దాని జత పదకొండోది క. ష-ష-క. పాళీలు చెక్కుకునే రాయసగాళ్ళు ఇలా ఆడుకున్నారంటే ముచ్చటేస్తుంది. రాజుకి భయపడి యిర్మీయా ఆ పేరు దాచాడని కొందరు వ్యాఖ్యాతలు రాస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. 51వ అధ్యాయం 41వ వచనంలో షేషకు పక్కనే బబులోను అని అసలు పేరూ ఉంది. దాచిన చోటే జవాబు కూడా పెట్టేశాడు. భయస్థుడు చేసే పని కాదది, మాటతో సరదాపడేవాడు చేసేది.

సంసోను పొడుపు దీనికి పూర్తిగా ఎదురు. న్యాయాధిపతులు 14లో పెళ్ళివిందులో ముప్పై మందికి పొడుపు వేసి, ఏడు రోజుల్లో విప్పితే ముప్పై నారబట్టలూ ముప్పై జతల దుస్తులూ అని పందెం కాశాడు. జవాబేమో తను చంపిన సింహం కళేబరంలో దొరికిన తేనె. ఆ సంగతి కన్న తల్లిదండ్రులకే చెప్పలేదు. ఎదుటివాడి కళ్ళ ముందు లేనిది అడిగితే అది పొడుపుకథ ఎలా అవుతుంది? వాళ్ళు పెళ్ళికూతుర్ని బెదిరించి రాబట్టారు, చివరికి రక్తం పారింది. పిల్లల కాగితం కట్టేవాళ్ళందరికీ ఈ అధ్యాయం చదివించాలి. ముఖ్యంగా పదేళ్ళ పిల్లాడికి వంశావళులు అడిగేవాళ్ళకి.

నవ్వించే కథలకి మాత్రం బైబిల్లో లోటు లేదు. మేడిచెట్టెక్కిన జక్కయ్య ఎప్పుడు చెప్పినా హిట్టే. పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగుతుంటే కిటికీలో కునికి మూడో అంతస్తు నుంచి పడిపోయిన ఐతుకు పేరు నేను ఏటా లిపిలో దాస్తాను. జవాబు గట్టిగా చదవమంటాను. మా అయ్యగారు గొంతు సవరించుకుంటారు, ఆ రోజు ముగింపు ప్రార్థన కాస్త పొట్టిగా ఉంటుంది.

కటపయాది వచ్చేసరికి పిల్లలు కాగితం పక్కనపెట్టి సొంత పేర్ల మీద పడతారు. రాణి అన్న పేరుకి 52 వస్తుంది, మంగలికత్తిలాంటి నాలుక గలవాడి గురించిన కీర్తన. ఆ పేరున్న అక్కల తమ్ముళ్ళకి ఆ పూట పండగే. చిట్టికి 16, పండుకి 31, రెండూ మంచి కీర్తనలే, గొడవ లేదు. గొడవంతా బుజ్జి దగ్గర. గోదారి జిల్లాలో ఇంటికో బుజ్జి ఉంటాడు కదా. బ 3, జ 8, తిరగేస్తే 83. వెనక బల్ల మీద ఒకడు అప్పటికే గేదె లెక్క కట్టి ఉంటాడు. గ 3, ద 8, అదీ 83. ఇక అక్కడి నుంచి తరగతి నా చేతిలో ఉండదు, టీచరమ్మ గంట కొట్టాల్సిందే.