ఫోటో మీద కుంచె

ఫోటోను పెయింటింగ్‌గా మార్చడం కంప్యూటర్‌తో పుట్టిన పని కాదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఉదయపూర్, నాథద్వారా లాంటి చోట్ల, అంతకుముందు సూక్ష్మచిత్రాలు గీసిన చిత్రకారులే నలుపు తెలుపు ఫోటోల మీద రంగులు వేశారు. యూరప్‌లో సాధారణంగా పలచగా రంగు పూసి వదిలేస్తే, మనవాళ్లు చాలాసార్లు అడుగున ఫోటో ఉందన్న సంగతి తెలియనంత చిక్కగా వేశారు. వెనకున్న స్టూడియో తెర పోయి తివాచీ, తోట, మంటపం వచ్చేవి. ముఖాన్ని మాత్రం పోలిక చెడకుండా జాగ్రత్తగా ముట్టుకునేవారు.

ఏది ఉంచాలి, ఏది కప్పేయాలి? ఈ కళంతా ఆ నిర్ణయంలోనే ఉంది. కెమెరా కంటిపాపనూ, వెనక గోడ మీది మరకనూ ఒకే శ్రద్ధతో పట్టుకుంటుంది. చిత్రకారుడు అలా చూడడు.

కంప్యూటర్‌లో దీనికి దారి చూపినవాడు పాల్ హేబర్లీ. 1990లో ఆయన ప్రచురించిన పరిశోధనపత్రంలో పద్ధతి చాలా సరళం: తెర మీద కర్సర్‌ని కదిపితే, ఫోటోలో ఆ చోట ఉన్న రంగుతో ఒక కుంచె గీత పడుతుంది. రంగు ఫోటో ఇస్తుంది. గీత ఎంత పెద్దది, ఎటువైపు అన్నది మనిషి చెబుతాడు. మరుసటి ఏడాది, 1991లో, ఫ్రాక్టల్ డిజైన్ సంస్థ పెయింటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను రంగు డబ్బాలో పెట్టి అమ్మింది. అదే ఇప్పటి కోరెల్ పెయింటర్. ఈ పని చేసేవాళ్లకు నేటికీ ఫోటో నుంచే రంగు తీసుకునే దాని క్లోన్ బ్రష్‌లంటే ప్రత్యేకమైన ఇష్టం.

పని ఫోటో ఎంపికతోనే మొదలవుతుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన ముఖం చదునుగా ఉంటుంది, దానితో ఎంత తంటాలు పడ్డా బొమ్మ లేవదు. కిటికీ పక్కనుంచి వెలుగు పడిన ముఖంలో ముక్కు, చెంప, గడ్డం వాటంతటవే ఆకారం చెబుతాయి. తర్వాత నీడల్లో చిక్కుకున్న వివరాన్ని పైకి తీయాలి, కరెంటు తీగనూ ప్లాస్టిక్ కుర్చీనీ తీసేయాలి. పెయింటర్‌లో ఫోటోను క్లోన్ చేసి, ట్రేసింగ్ పేపర్ ఆన్ చేస్తే ఖాళీ కాన్వాస్ మీద అది లీలగా కనిపిస్తుంది. ఫోటోషాప్‌లోనైతే ఫోటో పైన ఖాళీ లేయర్ పెట్టి, 2010లో వచ్చిన మిక్సర్ బ్రష్‌ని అన్ని లేయర్ల నుంచీ రంగు తీసుకునేలా అమర్చుకోవాలి. కాన్వాస్ ఎంత తడిగా ఉండాలి, కుంచెకు ఎంత రంగు ఎక్కాలి, కింది రంగుతో ఎంత కలవాలి అన్నవి మన చేతిలో ఉంటాయి.

ఇక్కడ తొందర పనికిరాదు. మొదటి పొర పెద్ద బ్రష్‌తోనే వేయాలి. అందులో కళ్లూ ముక్కూ ఉండకూడదు, వెలుగూ నీడా మాత్రమే ఉండాలి. కళ్లు సగం మూసి చూసినప్పుడు మనిషిని పోల్చుకునేలా ఉంటే ఆ పొర కుదిరినట్టు. తర్వాత బ్రష్ చిన్నదవుతూ పోవాలి, అదీ కళ్లు, పెదవులు, చేతులు లాంటి చోట్లే. స్ట్రోక్ ఆకారాన్ని అనుసరించాలి: చెంప మీద వంపుగా, చీర కుచ్చిళ్ల మీద నిలువుగా, నిశ్చలమైన నీటి మీద అడ్డంగా. కొన్ని అంచులు కావాలని పోగొట్టాలి. నల్లని జుట్టు చీకటి గోడలో కలిసిపోతే వెలుగులో ఉన్న ముఖం ముందుకొస్తుంది. చివర్లో క్లోన్ రంగు ఆపేసి సొంత రంగులు తీసుకోవాలి. ఫోటోలో నీడ తరచుగా ఉత్త నలుపుగా ఉంటుంది. అందులో కాస్త నీలమో ఊదానో కలిపితే చర్మానికి ప్రాణం వస్తుంది. చేతి ఒత్తిడిని పసిగట్టే పెన్ టాబ్లెట్ అవసరం తెలిసేది ఈ దశలోనే. మౌస్‌తో ఆ సున్నితత్వం రాదు.

ఇదంతా ఎందుకు, ఒక్క నొక్కుతో ఫిల్టర్ చేసిపెడుతుంది కదా అనేవారున్నారు. ఆయిల్ పెయింటింగ్‌లా కనిపించే ఫలితం ఇచ్చే కువహరా ఫిల్టర్ 1976లో జపాన్‌లో గుండె వైద్య చిత్రాల్లోని గరుకుదనం తగ్గించడానికి పుట్టింది. ప్రతి బిందువు చుట్టూ నాలుగు చిన్న చదరాలు తీసుకుని, రంగుల తేడా అతి తక్కువగా ఉన్న చదరం సగటును అక్కడ పెడుతుంది. అంచులు నిలుస్తాయి, మధ్య భాగం నునుపవుతుంది. 1998లో పరిశోధకుడు ఆరన్ హెర్ట్జ్‌మన్ పెద్ద కుంచె ముందు, అవసరమైన చోటే చిన్న కుంచె అన్న చిత్రకారుల క్రమాన్ని ప్రోగ్రామ్‌కు నేర్పాడు. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్ పరిశోధకులు న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక చిత్రం శైలిని మరో ఫోటోకు ఎక్కించారు. మరుసటి ఏడాదే ప్రిస్మా యాప్ ఆ పనిని ఫోన్లలోకి తెచ్చింది.

ఇవన్నీ మెచ్చుకోదగిన పనులే. అడుగు పొరగా ఫిల్టర్ వాడుకోవడంలో తప్పేమీ లేదు, సమయం కలిసొస్తుంది. కానీ ఈ ముఖంలో నవ్వు ఎడమ పెదవి అంచున మొదలవుతుందని, దాన్ని కాపాడి మిగతాది వదిలేయవచ్చని ఫిల్టర్ ఎంచుకోలేదు. మన పెళ్లి ఆల్బమ్‌ల్లో, ఇళ్ల గోడల మీద పెయింటింగ్ పేరుతో వస్తున్న చాలా బొమ్మల్లో ముఖాలు మైనంలా నున్నగా ఉండటానికి కారణం అదే. ముడతలు తీసేస్తే వయసుతో పాటు మనిషి కూడా పోతాడు.

ఫోటో ఆధారంగా వేసింది అసలు కళేనా అన్న సందేహం నాకు లేదు. 2017లో వచ్చిన లవింగ్ విన్సెంట్ సినిమాను ముందు నటులతో చిత్రీకరించాక, వందమందికి పైగా చిత్రకారులు దాదాపు 65,000 ఫ్రేములను నూనె రంగులతో చేత్తో వేశారు. ఆధారం ఏదైనా, విలువ చేతి నిర్ణయాలకే.

మీ తాతమ్మ పాత ఫోటోను ఇలా వేయించాలనుకుంటే ముందు దాన్ని మంచి నాణ్యతతో స్కాన్ చేయించి, అసలు ప్రతిని విడిగా దాచండి. ముఖం ఫిల్టర్‌తో కాక చేత్తో వేస్తారా అని అడగండి. ఆమెను చూసినవాళ్లు ఇంట్లో ఉంటే, ముక్కుపుడక ఏ వైపు ఉండేదో, ఆ చీర ఏ రంగో కనుక్కుని, పని మొదలుకాకముందే చిత్రకారుడికి చెప్పండి.